వార్డుకు పెద్దదిక్కు

కోట్‌పల్లి అంటే హైదరాబాద్ వాళ్లకు గుర్తొచ్చేది ప్రాజెక్టు నీళ్లు, ఆదివారం పడవ షికారు, దారి పొడుగునా అనంతగిరి అడవి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో ఉండేవాళ్లకు అదే దారితో వేరే పని. ఒంట్లో బాగాలేకపోతే ఒకవైపు వికారాబాద్, ఇంకోవైపు తాండూరు. ఎటు పోవాలన్నది ఒక్కోసారి జబ్బు తేలుస్తుంది, ఒక్కోసారి 108 అంబులెన్సు తేలుస్తుంది, ఒక్కోసారి ‘ఫలానా దవాఖానలో సిస్టర్లు మంచిగ చూస్తరు’ అన్న మాట తేలుస్తుంది.

ఈ మూడోదాన్ని చదువుకున్నవాళ్లం పెద్దగా పట్టించుకోం. డాక్టరు ఎవరు, స్కానింగ్ ఉందా, రక్తం దొరుకుతుందా అని అడుగుతాం. సిస్టర్లు బాగా చూడటమంటే కసురుకోకుండా మాట్లాడటమేనని అనుకుంటాం. తండాలో అనుకునే మాటే అసలుకు దగ్గరగా ఉందని గత నలభై ఏళ్ల పరిశోధనలు చెబుతున్నాయి. ఒక నర్సు ఎంతమంది రోగులను చూస్తోంది, ఎవరి కింద పనిచేస్తోంది, అనుమానం వస్తే నోరు తెరిచి చెప్పగలదా అన్నదాన్నిబట్టి రోగి బతికే అవకాశం మారుతుంది. అంకెల్లో చూపించగలిగేంతగా మారుతుంది.

ఎలా మారుతుందో తెలియాలంటే కాన్పు వార్డు చూస్తే చాలు. సాయంత్రం కాన్పు మామూలుగానే అయిందనుకుందాం. రాత్రి రెండింటికి బాలింతకు రక్తస్రావం మొదలైంది. ధార కట్టి కాదు, కొద్దికొద్దిగా, కింద పరిచిన బట్ట మడతల్లోకి. ముందు గుండె వేగం పెరుగుతుంది. బీపీ మాత్రం చాలాసేపు నిలకడగానే కనిపిస్తుంది, ఎందుకంటే వయసులో ఉన్న ఒళ్లు రక్తనాళాలను బిగించుకుని ఆ లోటును కప్పిపుచ్చగలదు. బీపీ జారడం మొదలయ్యేసరికే లీటరు, అంతకుమించి రక్తం పోయి ఉండొచ్చు. ఆ మధ్యలో ఉన్న కాసేపే బాలింతను కాపాడే సమయం. నాడి పట్టుకుని, పొత్తికడుపు మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా మెత్తగా జారిపోతోందా చూసి, ‘ఇది తేడాగా ఉంది’ అని అనుమానించాల్సిన మనిషి అప్పుడు వార్డులో ఒక్కరే. నైట్ డ్యూటీ సిస్టర్.

అమెరికాలో జెఫ్రీ సిల్బర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1992లో ఈ సంగతిని ఒక కొలతగా మార్చారు. ఆపరేషన్ తర్వాత ఎంతమందికి ఇబ్బంది తలెత్తింది అన్నది ఒక లెక్క. ఇబ్బంది తలెత్తినవాళ్లలో ఎంతమంది చనిపోయారు అన్నది ఇంకో లెక్క. మొదటిది చాలావరకు రోగి వయసును, రోగి అంతకుముందు ఉన్న స్థితిని బట్టి ఉంటుంది. రెండోది ఆస్పత్రిని బట్టి ఉంటుంది. ప్రమాదం ఎక్కడైనా వస్తుంది, దాన్ని పట్టుకోవడంలోనే తేడా. పట్టుకునేది మంచం పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషి కాబట్టి, ఈ రెండో లెక్క మెల్లగా నర్సింగ్ పరిశోధకుల చేతికి చిక్కింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లిండా ఏకెన్ బృందం ఆ రాష్ట్రంలోని 168 ఆస్పత్రులను తీసుకుంది. 2,32,342 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలు, 10,184 మంది నర్సుల జవాబులు. 2002లో అచ్చయిన ఫలితం ఇది: ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్యకు ఒకరు చేరినప్పుడల్లా ఆపరేషన్ తర్వాత 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. అదే ఒక్కరు చేరితే నర్సులు అలిసి చేతులెత్తేసే స్థితికి చేరే అవకాశం 23 శాతం పెరిగింది. ఇవి రెండు వేర్వేరు వార్తల్లా కనిపిస్తాయి గానీ ఒకే వార్తకు రెండు ముఖాలు.

‘నర్సులు ఎక్కువున్న ఆస్పత్రులు డబ్బున్న ఆస్పత్రులు కూడా అయి ఉంటాయి, మరణాలు తగ్గింది దానివల్లనేమో’ అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దానికి దగ్గరగా వచ్చిన జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2016 జూలైలో 27 ప్రభుత్వ ఆస్పత్రుల్లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అన్న నియమం పెట్టింది. నియమం వర్తించని 28 ఆస్పత్రులతో పోల్చి, ముందూ వెనకా లెక్కలు తీశారు. 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం నియమం పెట్టిన చోట మరణించే అవకాశం 11 శాతం తగ్గింది. రోగులు త్వరగా ఇంటికి వెళ్లడం, మళ్లీ చేరాల్సిన అవసరం తగ్గడం వల్ల మిగిలిన డబ్బు కొత్త నర్సుల జీతాలకు అయిన ఖర్చుకు రెండింతలు దాటింది.

ఇక మన లెక్కకు వద్దాం. ఇక్కడో చిన్న తిరకాసు ఉంది, దాన్ని విప్పకపోతే పై అంకెలన్నీ వృథా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో మూడు పడకలకు ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో ఐదు పడకలకు ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం అదనం. వినడానికి క్వీన్స్‌లాండ్ కంటే మనమే నయమనిపిస్తుంది. కానీ ఆ ‘ఒకరు’ రిజిస్టరులో ఉన్న ఒకరు. రోజుకు మూడు షిఫ్టులు. 30 పడకల వార్డుకు ఐదుకు ఒకరి చొప్పున ఆరుగురు నర్సులుంటే షిఫ్టుకు ఇద్దరు, అంటే ఒక్కొక్కరికి పదిహేను మంది. ఇది నియమం అక్షరాలా అమలైతే వచ్చే అంకె. ఒకరు డిప్యుటేషన్ మీద పోయి, ఇంకొకరు ప్రసూతి సెలవులో ఉంటే రాత్రి రెండు గంటలకు ఆ వార్డులో ఎంతమంది మిగులుతారో లెక్కపెట్టడానికి ఒక్క చెయ్యి కూడా అక్కర్లేదు.

అందుకే నియామకాల వార్తకు విలువ ఉంది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్లుగా నియామక పత్రాలు ఇచ్చారు. తెలంగాణలో ఒకేసారి ఇంతమంది నర్సులు చేరడం మామూలు సంగతి కాదు. అంతకు కొన్ని నెలల ముందు, 2023 సెప్టెంబరులో, వికారాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2016లో పుట్టిన జిల్లాకు ఏడేళ్లలో బోధనాసుపత్రి వచ్చింది, తాండూరులో జిల్లా ఆస్పత్రి ఉంది. కోట్‌పల్లి దారికి రెండు కొసలా పెద్దాసుపత్రులే.

మరి సమస్య తీరిపోయినట్టేనా? ఏకెన్ బృందమే 2011లో తమ పాత ప్రశ్నను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. నాలుగు పెద్ద అమెరికా రాష్ట్రాల్లోని 665 ఆస్పత్రులను పని వాతావరణాన్ని బట్టి మంచివి, మధ్యరకం, చెడ్డవి అని విడదీసి, ఒక్కో రకంలో నర్సు మీద ఒక రోగి భారం తగ్గితే ఏమవుతుందో చూసింది. వాతావరణం మంచిగా ఉన్నచోట మరణాలు 9 శాతం తగ్గాయి. మధ్యరకంలో 4 శాతం. వాతావరణం చెడిపోయిన ఆస్పత్రుల్లో తగ్గుదల దాదాపు సున్నా. నాకు తెలిసినంతలో నర్సింగ్ పరిశోధన మొత్తంలో పాలకులు గోడకు రాసి పెట్టుకోవాల్సిన ఫలితం ఇదే. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు, చెడ్డ వార్డులోకి ఎంతమంది కొత్త సిస్టర్లను పంపినా రోగికి అందేది పెద్దగా ఉండదు.

పని వాతావరణం అంటే ఏమిటి? గాలి, వెలుతురు, టీ గది కూడా అందులో భాగమే. కానీ 1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కరువు వచ్చినప్పుడు బయటపడింది మరో రకం వాతావరణం. అందరూ ‘నర్సులు ఎందుకు మానేస్తున్నారు’ అని తలలు పట్టుకుంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ తరఫున మార్గరెట్ మెక్‌క్లూర్, మరో ముగ్గురు ప్రశ్నను తిరగేశారు: మానకుండా ఉంటున్నది ఎక్కడ, ఎందుకు? అంత కరువులోనూ నర్సులను అయస్కాంతంలా పట్టి ఉంచిన 41 ఆస్పత్రులను ఎంచుకుని, అక్కడి నర్సులనూ నర్సింగ్ అధికారులనూ కూర్చోబెట్టి అడిగారు. 1983లో వచ్చిన ఆ నివేదికతోనే ‘మ్యాగ్నెట్ హాస్పిటల్’ అన్న మాట స్థిరపడింది. జీతం ఒక్కటే కారణం కాదని తేలింది. అందుబాటులో ఉండే నర్సింగ్ అధికారి, డాక్టర్లతో చర్చించే చనువు, తన పనిలో తానే నిర్ణయం తీసుకునే వీలు, తమ తరఫున ఆస్పత్రి యాజమాన్యంతో మాట్లాడే ఒక మనిషి పై స్థాయిలో ఉండటం. ఇవే మళ్లీ మళ్లీ వినిపించాయి.

ఆ పై మనిషి ఏం చేస్తుందో చూడాలి. మన ఆస్పత్రుల్లో ఆమె ఇన్‌చార్జి సిస్టర్, పాత పేరు హెడ్ నర్సు. ఇటీవల తెలంగాణలో స్టాఫ్ నర్సు నర్సింగ్ ఆఫీసరయింది, హెడ్ నర్సు సీనియర్ నర్సింగ్ ఆఫీసరయింది. గౌరవం పెరిగింది, సంతోషమే. బల్ల మీద ఉండే కాగితాలు మాత్రం అవే. ఇండెంట్లు, స్టాకు రిజిస్టరు, దుప్పట్ల లెక్క, పోర్టల్‌లో ఎంట్రీలు, ఆక్సిజన్ సిలిండరు కోసం ఫోన్లు, రాని ఆయమ్మ బదులు ఇంకొకరిని బతిమాలడం. సీనియారిటీ మీద, ఉద్యోగం చివరి ఏళ్లలో, ఆ కుర్చీలోకి వస్తారు. ఇరవై ఏళ్లు ఇంజెక్షన్లు ఇచ్చిన మనిషికి పదిహేను మందిని నడిపే విద్య ఆ ఉత్తర్వుతో పాటే వచ్చేస్తుందని అనుకోవడం మన అలవాటు.

ఆ కుర్చీ ప్రభావం ఎంతదూరం పోతుందో హార్వర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఎమీ ఎడ్మండ్‌సన్‌కు అనుకోకుండా తెలిసింది. మందుల పొరపాట్ల మీద రెండు ఆస్పత్రుల్లోని ఎనిమిది వార్డులను ఆమె పరిశీలించింది. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహ. అంకెలు తలకిందులుగా వచ్చాయి. మంచి జట్లలోనే పొరపాట్లు ఎక్కువ! తీరా లోతుగా చూస్తే, అవి ఎక్కువ చేసిన పొరపాట్లు కావు, ఎక్కువగా చెప్పుకున్న పొరపాట్లు. ఇన్‌చార్జి కోపానికి భయపడే వార్డులో తప్పులు కాగితమెక్కవు, దాక్కుంటాయి. 1996లో అచ్చయిన ఈ పరిశీలన నుంచే, భయం లేకుండా నోరు విప్పగలిగే వాతావరణం మీద ఆమె తర్వాతి సిద్ధాంతమంతా పెరిగింది. మన దగ్గర ‘ఈ నెల మా వార్డులో ఒక్క తప్పూ జరగలేదు’ అన్న రిపోర్టు వస్తే పైవాళ్లు మెచ్చుకుంటారు. నిజానికి అనుమానించాల్సింది ఆ రిపోర్టునే.

కనిపించని ఇంకో సంగతి, అంతరాయం. సిస్టర్ ట్రే పట్టుకుని మందులు ఇస్తుంటుంది. ‘అమ్మా, సెలైన్ అయిపోయింది’ అని ఒక అటెండెంటు, ‘కేస్ షీట్ ఎక్కడుంది’ అని హౌస్ సర్జన్, ఆఫీసు నుంచి ఫోను. సిడ్నీలోని రెండు ఆస్పత్రుల్లో జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం 98 మంది నర్సుల వెంట తిరిగి, 4,271 సార్లు మందివ్వడాన్ని గమనించింది. సగానికి పైగా సందర్భాల్లో మధ్యలో ఎవరో ఒకరు ఆపారు. ఆపిన ప్రతిసారీ మందుకు సంబంధించిన పొరపాట్లు దాదాపు 13 శాతం పెరిగాయి. ఒకే మందు ఇచ్చేలోపు నాలుగుసార్లు ఆపితే, తీవ్రమైన పొరపాటు జరిగే అవకాశం రెండింతలైంది. తాండూరు లాంటి సరిహద్దు పట్టణంలో ఈ అంతరాయం నాలుగు భాషల్లో వస్తుంది: తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ. మందులిచ్చే గంటలో సిస్టర్‌ను పిలవకుండా చూడాల్సింది, ఫోను ఇంకొకరు ఎత్తేలా ఏర్పాటు చేయాల్సింది ఇన్‌చార్జే. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. కానీ హౌస్ సర్జన్‌ను ‘పది నిమిషాలు ఆగండి బాబూ’ అనగలిగే అధికారం ఆమెకు ఉందని ఆస్పత్రి మొత్తం ఒప్పుకోవాలి.

ఆ ఒప్పుకోలు దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. నర్సు అనుమానించడం ఒక ఎత్తు, ఆ అనుమానం మీద పని మొదలుపెట్టగలగడం ఇంకో ఎత్తు. ఇందాకటి బాలింత దగ్గరికే వెళ్దాం. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో, 80 ఆస్పత్రుల్లో, ‘ఈమోటివ్’ అనే పెద్ద ప్రయోగం జరిగింది; 2023లో ఫలితాలు వచ్చాయి. కాన్పయ్యాక కింద గీతలున్న ప్లాస్టిక్ సంచీ పెడతారు, ఎంత రక్తం పోయిందో కళ్లకు కనబడుతుంది. గీత దాటితే గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆసిడ్, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి, ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి అని ఎదురుచూడకుండా. అంతకుముందు అలవాటైన కంటి అంచనాతో ఎక్కువ రక్తస్రావాన్ని సగం మందిలోనే గుర్తించారు, కొత్త పద్ధతిలో 93 శాతం మందిలో గుర్తించారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల పొట్ట కోయాల్సి రావడం, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. సంచీ ఖరీదైంది కాదు, ఆ మందులూ కొత్తవి కావు. కొత్తగా వచ్చిందల్లా మంచం పక్కనున్న నర్సుకో మంత్రసానికో వెంటనే మొదలుపెట్టే హక్కు, ఆ ముందుచొరవను నిలబెట్టే వార్డు ఏర్పాటు.

ఇలాంటి హక్కును నర్సు చేతిలో పెట్టే ప్రయత్నం తెలంగాణలో జరగకపోలేదు. 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ హాస్పిటల్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మామూలు కాన్పును మొదటి నుంచి చివరిదాకా తామే నడిపి, తేడా వచ్చినప్పుడే డాక్టరును పిలిచే నర్సులు. మరుసటి ఏడాది చివర్లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఈ ప్రయత్నం ఇక్కడే ఎందుకు అవసరమైందో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత చూస్తే తెలుస్తుంది: తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. కాన్పు నొప్పులు పడుతున్న మనిషి పక్కన గంటల తరబడి ఓపిగ్గా కూర్చోవాలంటే ఆ కూర్చునే మనిషికి తీరిక కావాలి, ఆమె తీర్పు మీద పైవాళ్లకు నమ్మకం కావాలి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను మళ్లీ మామూలు రోస్టరులో వేసి ఓపీకో స్టోరుకో పంపేస్తే ఆ 18 నెలలు కాగితం మీదే మిగులుతాయి.

ప్రైవేటు వైపు చూస్తే సమస్యకు డబ్బు ముఖం ఎక్కువ. నర్సుల సంఘం వేసిన కేసులో 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినమీదట కేంద్రం ఒక కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రిలో ప్రభుత్వ జీతంతో సమానంగా ఇవ్వాలని, 50 కంటే తక్కువ పడకలున్నచోట నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫార్సు చేసింది. తాండూరు, వికారాబాద్ స్థాయి పట్టణాల్లోని నర్సింగ్ హోములు చాలావరకు ఈ చివరి తరగతివే. సిఫార్సు చట్టం కాదు, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. ఈలోగా తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి నర్సులను విదేశాలకు పంపుతోంది. పోయేవాళ్లను తప్పుపట్టలేం. జీతం కోసమే పోతున్నారని తేల్చేయడం మాత్రం తొందరపాటు, ఎందుకంటే 1983లో ఆ 41 ఆస్పత్రుల నర్సులు చెప్పిన కారణాలు ఇక్కడివాళ్లకూ వర్తించవనడానికి ఆధారమేమీ లేదు.

భద్రత, పిల్లల సంరక్షణ గురించి ఒక్క మాట. వైద్య సిబ్బంది మీద దాడులకు శిక్షలు వేసే చట్టం ఉమ్మడి రాష్ట్రంలోనే, 2008లో వచ్చింది. యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట పసిపిల్లల కోసం క్రెష్ ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం నియమం పెట్టింది. నర్సుల్లో అత్యధికులు ఆడవాళ్లు, వాళ్లలో చాలామంది చిన్నపిల్లల తల్లులు. నైట్ డ్యూటీ రోస్టరు వేసేటప్పుడు ఈ రెండు నియమాలు ఎవరి బల్ల మీద ఉన్నాయో అడిగి చూడండి.

వాతావరణాన్ని కొలవడం కష్టమనే సాకు కూడా ఇప్పుడు చెల్లదు. 2002లో ఐలీన్ లేక్ అనే పరిశోధకురాలు 31 ప్రశ్నలతో ఒక కొలత తయారుచేశారు, ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పుడు వాడేది దాన్నే. ఆస్పత్రి నిర్ణయాల్లో నర్సులకు చోటుందా, సరిపడా మనుషులున్నారా, సామాను ఉందా, డాక్టర్లతో పొత్తు ఎలా ఉంది, ఇన్‌చార్జి సమర్థురాలేనా అని అడుగుతుంది. అందులో ఒకదాని భావం ఇది: డాక్టరుతో విభేదం వచ్చినా సరే, నర్సు తీసుకున్న నిర్ణయం వెనక మీ అధికారి నిలబడుతుందా? తాండూరులోనైనా వికారాబాద్‌లోనైనా ఈ ప్రశ్న ఇన్‌చార్జిని అడిగితే అవుననే అంటుంది. అడగాల్సింది నైట్ డ్యూటీ దిగి బస్టాండుకు నడుస్తున్న సిస్టర్‌ను, తెలుగులోనో ఉర్దూలోనో, పేరు రాయనక్కర్లేని కాగితం మీద. 31 ప్రశ్నలకూ టిక్కులు పెట్టడం బస్సు వచ్చేలోపు అయిపోయే పని.